కట్టని దుకాణం పేరు

ఫోను అద్దం వెనక ఒక బజారు ఉంది. అక్కడి దుకాణాలను యాప్‌లు అంటారు. ఆ బజారులో దుకాణం కట్టకముందే పేరు పట్టి ఉంచుకోవచ్చు. మనవాళ్ళు బిడ్డ పుట్టకముందు పేరు అనుకోవడానికే జంకుతారు, దిష్టి తగులుతుందని. అక్కడ అలాంటి పట్టింపులేమీ లేవు.

అక్కడి పట్టింపు ఒక్కటే. ఒక పేరు ఒక్కరికే. మన ఇళ్ళలో ముగ్గురు మనవలకూ తాత పేరే పెట్టి పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని సరిపెట్టుకుంటాం. ఆ బజారులో అది చెల్లదు. పైగా, ఒకసారి విడిచిపెట్టిన పేరును విడిచినవాడికి మళ్ళీ ఎప్పటికీ ఇవ్వరు.

ఆ బజారు నడివీధిలో ఒక ఖాళీ జాగా ఉండేది. పైన "వచ్చేటప్పుడు" అని బోర్డు, కింద ఒక తెర. తెర మీద "పని జరుగుతోంది" అని రాసి ఉండేది. లోపల ఏ పనీ జరగడం లేదని బజారంతటికీ తెలుసు. పట్టిన పేరు మీద దుకాణం తెరవడానికి ఇచ్చిన గడువు దగ్గరపడినప్పుడల్లా ఒకాయన వచ్చి పాత తెర విప్పి కొత్త తెర కట్టి వెళ్ళేవాడు. దాంతో గడువు మళ్ళీ మొదలయ్యేది. పేర్ల కాపలాదారు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఆయన్ని అందరూ తెరల మనిషి అనేవాళ్ళు. ఆ పేరు మాత్రం ఆయన పట్టి ఉంచుకున్నది కాదు.

ఒకరోజు ఒక ఆవిడ తన దుకాణం సిద్ధం చేసుకుని పేరు కోసం వచ్చింది. ఆ దుకాణం చేసే పని చాలా చిన్నది. వీధిలో ఎవరు బజారుకు బయల్దేరినా ఆ సంగతి వీధి మొత్తానికీ తెలియజేస్తుంది. ఎవరికేం కావాలో వాళ్ళు చెప్పుకుంటారు, వెళ్ళినవాళ్ళు తెచ్చిపెడతారు. అంతే. ఒకప్పుడు దీనికి దుకాణం అక్కర్లేదు. గుమ్మంలోంచి ఒక కేక వేస్తే సరిపోయేది. ఆ కేకలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఇప్పుడు తలుపులన్నీ వేసి ఉంటున్నాయి.

ఆవిడ మొదట "సరుకుల సహాయం" అని పేరు పెట్టి వీధిలో అందరికీ చూపించింది. "ఇదేదో గవర్నమెంటు వాళ్ళదిలా ఉందమ్మా, మనకెందుకు" అని పక్కింటామె ఫోను తిరిగిచ్చేసింది. ఎదురింటి ముసలావిడ ఒక్కతే ఓపిగ్గా అంతా విని నవ్వింది. "ఓసి నీ తెలివి! వచ్చేటప్పుడు ఇది తే, వచ్చేటప్పుడు అది తే అని కేకలేసేవాళ్ళం. అదేగా నువ్వు చేసింది?" అంది. దుకాణం ఆవిడకు పేరు దొరికింది. ఆ పేరు లేకపోతే తన దుకాణం గడప ఎవరూ తొక్కరని కూడా అప్పుడే అర్థమైంది.

"ఆ పేరు ఒకాయన పట్టి ఉంచుకున్నాడమ్మా" అన్నాడు కాపలాదారు.

"దుకాణం తెరిచాడా?"

"తెర కట్టాడు."

ఆవిడ తెరల మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. "బాబాయిగారూ, ఆ పేరు నాకిస్తారా?" అని అడిగింది.

"అది నాది కాదు తల్లీ. మా అక్కది" అన్నాడాయన.

ఆ ఇంట్లో అక్కా తమ్ముడూ ఇద్దరే బతికారు. ఆయన చెప్పుల్లో కాలు పెట్టాడో లేదో, వంటింట్లోంచి "వచ్చేటప్పుడూ" అని అక్క గొంతు వచ్చేది. ఆయన విసుక్కుంటూ సంచీ అందుకునేవాడు. దుకాణం ఆలోచన అక్కదే. ఇద్దరూ కలిసి పేరు పట్టి ఉంచారు. కట్టేలోపే అక్క పోయింది.

"విడిచిపెడితే ఇక నాకు దొరకదు. అక్కది నా దగ్గర మిగిలింది అదొక్కటే" అన్నాడు.

"పెద్దమ్మగారు ఆ మాట మెల్లిగా అనేవారా?"

"మెల్లిగానా! నాలుగిళ్ళు వినాల్సిందే."

"ఇప్పుడెవరికి వినిపిస్తోంది బాబాయిగారూ?"

ఆయనకు కోపం వచ్చింది. కూర్చోమని కూడా అనలేదు. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ఆయనే కబురు చేసి, కాపలాదారు కిటికీ దగ్గరకు రమ్మన్నాడు.

అక్కడ ఇంకో చిక్కు ఉంది. విడిచేవాడు కిటికీ ముందు నిలబడి పేరును గట్టిగా పలకాలి. ఆ తర్వాత దాన్ని ముందు ఎవరు పలికితే వాళ్ళది. అందుకే పేర్లు పట్టేవాడు ఒకడు ఎప్పుడూ అక్కడే కాచుకుని ఉండేవాడు. పట్టిన పేరును అవసరమున్నవాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకున్నాకే విడిచేవాడు. వాడి నోటి చురుకు ముందు గెలిచినవాళ్ళు లేరు.

"వాడున్నాడు బాబాయిగారూ, ఇవాళ వద్దు" అందావిడ.

"వాడు ఎప్పుడూ ఉంటాడమ్మా" అని ఆయన కిటికీ ముందుకు నడిచాడు.

నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆ మాట ఆయన ఎన్నడూ అన్నది కాదు, ఎప్పుడూ విన్నదే. పేర్లు పట్టేవాడు పెదాలు తడుపుకున్నాడు. తెరల మనిషి కళ్ళు మూసుకుని వంటింటి వైపు తిరిగినట్టు తిరిగాడు. అప్పుడు వచ్చింది కేక, అచ్చం అక్క సాగదీసినట్టే.

"వచ్చేటప్పుడూ..."

బజారంతా ఆగిపోయింది. ఆటల దుకాణంలో ఆట ఆగింది. పాటల దుకాణంలో పాట ఆగింది. బేరాలు చేస్తున్నవాళ్ళు, అమ్ముతున్నవాళ్ళు అందరూ ఒక్కసారే తలలు తిప్పి, "ఆఁ... ఏం తేవాలి?" అన్నారు.

పేర్లు పట్టేవాడు కూడా అన్నాడు. నాలిక మీద సిద్ధంగా పెట్టుకున్న పేరు వదిలేసి, "ఏం తేవాలమ్మా?" అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు. ఈలోపు ఆవిడ ఏడుస్తూనే ఆ పేరు పలికేసింది.

బోర్డు ఆవిడ దుకాణం మీదికి వెళ్ళింది. తెర విప్పి ఆయన చేతికిచ్చారు. అది చంకన పెట్టుకుని ఆయన ఇంటికి వచ్చేశాడు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది. తప్పు చేశానేమోనని దిగులుపడ్డాడు. కొన్నాళ్ళు ఫోను వంక చూడలేదు.

ఒక సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. వీధి చివరింటి కుర్రది, చేతిలో సంచీ ఉంది.

"బజారుకెళ్తున్నానండీ. వీధిలో అందరూ చెప్పారు, మీరొక్కరే ఏం చెప్పలేదు. ఏమన్నా కావాలా?"

"ఏమీ వద్దమ్మా" అనబోయి ఆయన ఆగాడు. "ఒక్క నిమిషం ఉంటావా, చూసి చెప్తాను."

"పర్లేదండీ, నెమ్మదిగా చూడండి."

ఆయన వంటింట్లోకి వెళ్ళి దీపం వేశాడు. అక్క అలమర తెరిచి డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీశాడు. ఉప్పు, కందిపప్పు, మెంతులు, బెల్లం, అన్నీ నిండుకుని ఉన్నాయి. ఇన్నాళ్ళూ తను ఏం తిని బతికాడో ఆయనకు అర్థం కాలేదు.