తాయారమ్మ అతికించిన ఎర్ర కారు

అనగనగా... అంటే మరీ రాజుల నాటి అనగనగా కాదర్రా, ఇంటింటికీ ఫ్రిజ్జులు వచ్చేశాక జరిగిన అనగనగా. సామర్లకోటలో రైలు పట్టాలకి ఇవతల ఓ పెంకుటిల్లు. ఆ ఇంట్లో భుజంగరావని ఒకాయన ఉండేవాడు. రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసి చేసి రిటైరైపోయాడు. భార్య తాయారమ్మ పోయింది. కొడుకు ఉదయభాస్కరు రైలింజను నడుపుతాడు, ఇవాళ ఇక్కడుంటే రేపు ఇంకెక్కడో. ఇహ ఇంట్లో మిగిలిందెవరూ? కొత్త కోడలు హైమవతి. నర్సీపట్నం పిల్ల. తల్లి లేని పిల్ల.

ఊ కొట్టండర్రా, నేనేం గోడకి చెప్పట్లేదు.

ఆ ఇంట్లో మాటల్లేవు. మావగారు చెడ్డవాడా అంటే, కాదు. ఒక్కనాడూ విసుక్కోలేదు, పెట్టింది తినేవాడు. కానీ మాట్లాడడు. కాఫీ ఇస్తే తలూపేవాడు, అన్నం పెడితే తలూపేవాడు, మజ్జిగ పోస్తే తలూపేవాడు. పాపం హైమవతి ఓ రోజు కావాలనే కూరలో ఉప్పు వెయ్యలేదు, అప్పుడైనా ఓ మాట అంటాడేమోనని. తలూపి తినేశాడు! ఆ పిల్ల వంటింట్లోకి పోయి, కుక్కరు కూత వేస్తే "ఆ, వస్తున్నా" అని దానికే జవాబు చెప్పుకునేదిట. అలా ఉండేది బతుకు.

మరి ఆయన పొద్దంతా ఏం చేసేవాడూ? కార్లు చూసుకునేవాడు. నిజం కార్లు కాదురా రుత్విక్, ప్లాస్టిక్ బొమ్మ కార్లు. డబ్బాలో ముక్కలు ముక్కలుగా వస్తాయి. చక్రం వేరు, సీటు వేరు, బంపరు వేరు. గమ్ము ట్యూబు పట్టుకుని ఒక్కోటీ అతికించుకోవాలి. వయసులో ఉండగా చేసినవన్నీ అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. వాటికి దుమ్ము తుడవడమే ఇప్పుడాయనకి పని.

ఓ రోజు అటక మీద ఏదో వెతుకుతుంటే, చీరముక్కలో చుట్టిన ఎర్ర కారొకటి దొరికింది. తాయారమ్మ చేసింది. ఆయన డ్యూటీకెళ్ళినప్పుడు ఒక్కతీ కూచుని, ఎవరూ నేర్పకుండా చేసుకుంది. గమ్ము పచ్చడి పూసినట్టు పూసేసింది. ఓ చక్రం ఆకాశం చూస్తోంది, ఓ చక్రం నేల చూస్తోంది. ఆ రోజుల్లో ఈయన నలుగురి ముందూ, "ఇది కారా, కాలు విరిగిన మేకా?" అని నవ్వాడు. ఆవిడా అందరితోపాటు నవ్వేసింది. తర్వాత దాన్ని చీరముక్కలో చుట్టి అటకెక్కించేసింది. మళ్ళీ గమ్ము ముట్టుకోలేదు.

ఇప్పుడాయనకి దాన్ని విప్పదీసి, మళ్ళీ తిన్నగా అతికించాలనిపించింది. ఎవరు చూస్తారని? ఎవరూ చూడరు. అయినా అనిపించింది. చక్రం లాగాడు, రాలేదు. బంపరు లాగాడు, రాలేదు. కోపమొచ్చి కారు పైకప్పు పట్టి లాగాడు. ఫట్! అద్దం పక్కన సన్నటి కాడ విరిగిపోయింది.

మధ్యాహ్నం హైమవతి భోజనానికి పిలిచింది. ఈసారి తల కూడా ఊపలేదు. గదిలోకెళ్ళి చూస్తే, ఆయన కారుని మళ్ళీ చీరముక్కలో చుడుతున్నాడు. భుజాలు అదురుతున్నాయి.

ప్రణతీ, నిద్రపోయావుటే? లేదూ? సరే విను.

వంకర చక్రాలూ, పక్కన విరిగిన కాడా చూసి, ఆయన దాన్ని ఊడదీయబోయాడని పోల్చుకుంది హైమవతి. అప్పుడే ఓ సంగతి గుర్తొచ్చింది. ఆ మధ్య కొబ్బరికోరు దాచే డబ్బా మూతకి పిడి ఊడితే గమ్ముతో అంటించింది. అది ఐసు అరలో ఉండి ఉండి, ఓ పొద్దున టిక్కుమని శుభ్రంగా ఊడొచ్చింది. చలికి గమ్ము పెళుసైపోయి పట్టు వదిలేసిందన్నమాట.

"మావయ్యగారూ, దాన్ని ఫ్రిజ్జులో పెడదామండి," అంది.

"కారునా?" అన్నాడాయన.

అదీ మొదటి మాట! ఆ సంబరంలో తనేం చెప్పాలో మర్చిపోయింది పిచ్చిపిల్ల.

"ఆఁ, కారునే. ఐసు అరలో."

"పగిలిపోతే?"

"ముందు మీ దగ్గర పనికిరాని కారేదైనా ఇవ్వండి, పెట్టి చూద్దాం. పగిలితే నన్ను తిట్టండి."

తిట్టినా ఓ మాటే కదా అనుకుంది లోపల.

ఓ పాత నీలం కారుని కొబ్బరికోరుకీ బఠాణీలకీ మధ్య పడుకోబెట్టారు. మర్నాడు తీసి, అతుకులో సన్నటి బ్లేడు దూర్చి, లాగకుండా, పీకకుండా, అటూ ఇటూ మెల్లగా కదిపింది. టిక్! అప్పుడు ఎర్ర కారుని పెట్టారు. మెల్లగా కదిపితే చక్రం వచ్చింది, చక్రం వెనక ఇరుసు వచ్చింది, ఇరుసు వెనక బంపరు వచ్చింది, బంపరు వెనక సీట్లొచ్చాయి. రానన్నదాన్ని మళ్ళీ చలిలో పెట్టారు. పట్టుదలకి పోలేదు.

ఇక కారు ముందు మూత, అదే బానెట్టు, ఒక్కటీ మిగిలింది. దానిమీద గమ్ము ఒలికి, ప్లాస్టిక్కే కరిగి గట్టిపడిన మరక. "గరుకు కాగితంతో రుద్దేస్తే పోతుందండి, రుద్దమంటారా?" అంది హైమవతి.

ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. చాలాసేపు చూశాడు.

"వద్దమ్మా. ఇది మీ అత్తయ్య బొటనవేలు."

నిజమేనర్రా. వేలి గీతలు గీతలుగా అలాగే ఉన్నాయి. ఊడకుండా గట్టిగా నొక్కి పట్టుకుంది కాబోలు ఆవిడ.

ఇక అక్కడే కూలబడి చెప్పడం మొదలెట్టాడు. ఆవిడ పాడే పాటలు చెప్పాడు, వండే పనసపొట్టు కూర చెప్పాడు. చివరికి, "నేను డ్యూటీకి పోతే రోజంతా ఈ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఏం చేస్తావే అని ఒక్కనాడూ అడగలేదమ్మా," అన్నాడు. కోడలి మొహం అప్పుడు చూశాడు, ఆ పిల్ల ఇంటికొచ్చాక మొదటిసారి సరిగ్గా.

"మరి నువ్వేం చేస్తావమ్మా, వాడు డ్యూటీకెళ్తే?"

"ఏం లేదండి," అనబోయింది. భోరుమంది. ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, వాళ్ళమ్మ గురించి మొదలెట్టింది. ఆయన తలూపలేదు. "ఊఁ, తర్వాత?" అన్నాడు.

ఉదయభాస్కరు ఇంటికొచ్చేసరికి లోపల మాటలు వినపడి, చుట్టాలొచ్చారనుకుని గుమ్మంలో చెప్పులు వెతికాడట! చుట్టాలెవరూ లేరు. మావా కోడళ్ళు చక్రాలు అతికిస్తూ కీచులాడుకుంటున్నారు. కారు తిన్నగా నిలబడింది. ముందు మూత మాత్రం ఎలా ఉందో అలాగే ఉంచారు.

అందుకే చెప్తాను, బిగుసుకున్నదాన్ని బలంతో లాగకండర్రా, మెల్లగా కదపండి. ఇంట్లో ఎవరైనా ఊరికే కూచుంటే, ఏం చేస్తున్నావని ఓ మాట అడగండి. అంతే.

కథ కంచి బండెక్కేసింది, మీరు నా దుప్పట్లోకి ఎక్కండి.