పింగాక్షుడి పూర్వపక్షం

పూర్వం కుముదినీ నదీతీరాన హిరణ్యశృంగమనే నగరాన్ని రాజధానిగా చేసుకొని, ప్రజలను కన్నబిడ్డల్లా పాలించిన రుచిధ్వజ మహారాజు కాలంలో, ఏ పాపమో ఏ శాపమో గాని మేఘాలు ముఖం చాటేయగా, నది ఎండి ఇసుకై, ఆ ఇసుక నిప్పులై, పశువులు అరిచే ఓపిక కూడా లేక నిలుచున్న చోటనే నేలకొరిగాయి.

దిక్కుతోచని రాజు వరుణదేవుని ప్రీతికై మహాయాగం తలపెట్టి, రాజ్యంలో మిగిలిన పాడి ఆవుల పాలన్నీ పిండించి తెప్పించి, వరుణోపాసకుడూ తపోధనుడూ అయిన మౌంజాయన మహర్షి చేతుల మీదుగా అగ్నిలో పోయించాడు. కడపటి రోజున పింగాక్షుడనే వైద్యుడు యాగశాల వాకిట నిలబడి, "ఆ పాలు పసిపిల్లలకు పొయ్యండి! పైన తాగేవాడెవడూ లేడు!" అని గొంతు చించుకొని అరిచాడు. భటులు అతణ్ణి మెడపట్టి గెంటారు. ఆ సాయంత్రమే, ఇంకా పాలు మరవని రాకుమారుడు తడారిన నోటితో కన్నుమూశాడు.

మర్నాడు రాజు సభ చేసి, నాస్తికుడని నింద మోపి, వాన పడేదాకా పింగాక్షుణ్ణి నదిలోని ఇసుకతిన్నె మీద కట్టి పడేయమన్నాడు. నిప్పులు చెరిగే ఆ ఎండలో కట్టి పడేయడమంటే చంపడమేనని అందరికీ తెలుసు.

అయితే ఆ సభకొక ఆచారం ఉంది. నాస్తికుడని ఒకణ్ణి దండించాలంటే ముందు ఒక పండితుడు పూర్వపక్ష పీఠం మీద కూర్చొని, నిందితుడి మతాన్ని వాడి తరఫున తానే చెప్పాలి. "ఇది నా మాటే" అని నిందితుడు ఒప్పుకోవాలి. ఆ పైనే ఖండన, ఆ పైనే దండన.

మౌంజాయనుడికి అది నల్లేరు మీద నడక. జీవితమంతా చేసిన పనే కదా! పీఠమెక్కి కళ్లు మూసుకొని, "ప్రత్యక్షమే ప్రమాణం. కనబడనిది లేదు. దేహమే ఆత్మ. యాగం వట్టి వంచన" అని మేఘగంభీర స్వరంతో వినిపించి, ఇక ఒప్పుకోలే తరువాయి అన్నట్టు చూశాడు.

సంకెళ్లలో ఉన్న పింగాక్షుడు తల అడ్డంగా ఊపాడు.

"అది మీ గ్రంథాల్లో ఉండే నాస్తికుడి మాట, మునివర్యా. నాది కాదు."

ముని ఉలిక్కిపడ్డాడు. అన్నేళ్ల వాదాల్లో ఎందరినో ఓడించాడు గాని, ఎదుటివాణ్ణి అడిగి తెలుసుకోవాలని ఒక్కనాడూ తోచలేదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసి సిగ్గుతో కుంగిపోయాడు.

"అయితే నీ మాట ఏది నాయనా?"

"నేను వైద్యుణ్ణి స్వామీ. ప్రాణం పోతున్న బిడ్డల పక్కన కూర్చొని నేను మొక్కని దేవుడు లేడు. ఒక్కరూ పలకలేదు. పలకనివాడి కోసం చూస్తూ కూర్చుంటే చెయ్యవలసిన పని ఆగిపోతుందని లేచాను. మీ దేవుణ్ణి తిట్టే తీరిక నాకెక్కడిది? పాలు పిల్లలకు పొయ్యమన్నాను, అంతే."

మౌంజాయనుడు మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి శాస్త్రం రాలేదు, స్వరం వణికింది. వైద్యుడు చెప్పినదంతా చెప్పి, చెప్పనిది కూడా కలిపాడు: "ఆ సాయంత్రమే రాకుమారుడు పోయాడు. నా మాట నిజమైనందుకు నేను ఏడ్చాను."

పింగాక్షుడి కళ్లు నిండాయి. "ఇది నా మాటే" అన్నాడు.

"ఇక ఖండించండి మహర్షీ!" అని రాజు గర్జించాడు.

"వరుణుడున్నాడు రాజా. నా ఊపిరి ఎంత నిజమో ఆయన అంత నిజం. నా ఖండన ఇంతే. దీంతో ఒక మనిషిని కట్టేయడం నాకు చేతకాదు."

"అయితే వీడితోబాటు మీరూ ఇసుకతిన్నె ఎక్కండి!"

"ఎక్కుతాను. అంతకుముందు మరొకరి పూర్వపక్షం చెప్పనివ్వండి, తమది." పీఠం దిగకుండానే ముని అందుకున్నాడు: "దేవుడున్నాడో లేడో నాకు తెలియదు. లేడంటే, నా బిడ్డ నోటి దగ్గరి పాలు తీసి బూడిదలో పోసుకున్నాను. అందుకే లేడన్నవాడు బతకకూడదు."

రుచిధ్వజుడు సింహాసనం మీది నుంచి తూలుతూ లేచి, ముఖం కప్పుకొని, "ఇది నా మాటే. విప్పండి అతణ్ణి" అన్నాడు.

సంకెళ్లు నేలపడ్డ ఆ క్షణాన, మకరవాహనుడూ పాశహస్తుడూ జలాధినాథుడూ అయిన వరుణుడు మౌంజాయనుడికి ప్రత్యక్షమై, "మౌంజాయనా, ఏళ్ల తరబడి నన్ను కొలిచావు, నేడు నా పేరిట ఒకణ్ణి చావనివ్వలేదు. వరం కోరుకో" అన్నాడు. ముని వాన అడిగాడు. ఆకాశం చిల్లులు పడ్డట్టు కురిసింది. పింగాక్షుడికి మేఘమే కనిపించింది, అతడు దాన్నే చూసి మనసారా ఆనందించాడు. రాజుకు మాత్రం ముని చూపు ఆగినచోట ఎవరో ఉన్నట్టు అనిపించింది.

"మహర్షీ, ఆయనే వచ్చి ఉంటే ఒక్కటి అడగండి. ఆ పాలు అందాయా?"

ముని అడిగాడు. "అందలేదు. నేను కోరలేదు" అన్నాడు వరుణుడు.

ఆ జవాబు విన్నది మౌంజాయనుడొక్కడే. అందాయని ఒక్క మాటంటే ఒక తండ్రి గుండె కుదుటపడుతుంది. కాని మరో కరువు వస్తే మళ్లీ పాలు పిండుతారు. పోసిన చేతులు తనవే.

"అందలేదు రాజా. ఆయన కోరలేదట."

నరికిన మానులా రాజు కూలిపోయాడు. నేను చెప్పలేదా అని పింగాక్షుడు అనలేదు, వెళ్లి భుజం కింద చెయ్యివేసి లేవదీశాడు.

వరుణుని వరం వల్ల కుముదిని నిండింది, పైర్లు పండాయి, నమ్మినందుకో నమ్మనందుకో మనిషిని కట్టే శిక్ష ఆ రాజ్యంలో అంతటితో పోయింది. ఈ కథ విన్నవారికి ఎదుటివాడి మాట ఓపికగా వినే బుద్ధి కలుగుగాక! కాని వరం దక్కిన ఆ రోజున హిరణ్యశృంగంలో జనమంతా వీధుల్లో గంతులు వేస్తుంటే, నమ్మిన ముని ఒక పక్క, నమ్మని వైద్యుడు ఒక పక్క పట్టుకోగా రాజు బిడ్డను పూడ్చిన చోటికి నడిచాడు. అక్కడ పచ్చిమట్టి వానకు కరిగి కొట్టుకుపోతుంటే, ముగ్గురూ మోకాళ్ల మీద కూర్చొని చేతులతో మట్టి ఎత్తి పోశారు.