పనసల నీడలో గడ్డి

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, నీలాద్రిపురమని ఒక రాజ్యం. ఆ రాజుగారి కోటలో భీమలింగమని తోటమాలి. మామూలు తోటమాలి కాదు, తోటమాలులందరికీ పెద్ద. ఏటా దసరానాడు నిండు సభలో రాజమాత అతని తలకు ఎర్రపట్టు తలపాగా చుట్టించేది. అతని తాతకు చుట్టారు, తండ్రికి చుట్టారు, ఇరవై ఏళ్ళుగా అతనికి చుడుతున్నారు. అది పెట్టుకుని వీధిలో నడిస్తే అతని కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

రాజమాతకు వయసు మీదపడింది. మడమలు పగిలి రాతినేల మీద నడవలేకపోతోంది. అంతఃపురం వెనక పెరట్లో మెత్తని గడ్డి పెంచమంది. ఆ పెరడు నిండా పనసచెట్లు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ ఎండ సరిగా దిగదు. చెట్లను మాత్రం ముట్టుకోవద్దంది. అవి ఆవిడ కాపురానికొచ్చిన ఏడు నాటినవి.

సగం పెరడు భీమలింగానికిచ్చింది. మిగతా సగం గవరమ్మకిచ్చింది. గవరమ్మ ఏటి అవతలి మామిడితోపుల్లో కలుపు తీసుకు బతికిన మనిషి, కోటలో పనికి చేరి ఆరు నెలలు కాలేదు. దసరానాటికి ఎవరి గడ్డి కాలికి మెత్తగా ఉంటే ఈ ఏడు తలపాగా వాళ్ళకేనంది రాజమాత.

భీమలింగం కడుపులో నిప్పు పడింది. తలపాగా పోతుందన్న భయం కొంతే. కలుపు తీసే మనిషి పక్కన తనను సమానంగా నిలబెట్టారన్న మంటే ఎక్కువ.

అతను వెనకాముందూ చూడకుండా గరిక నాటించాడు. వినాయకుడు మెచ్చిన గడ్డి, కోట ముంగిట ఎండలో తివాచీలా పరుచుకున్న గడ్డి, దాన్ని మించింది ఇంకేముంటుందని అతని ధీమా. గవరమ్మ మొదటిరోజు పార కూడా పట్టలేదు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా చెట్టుకింద కూర్చుని ఎండ ఎక్కడ పడుతోందో, ఎంతసేపు నిలుస్తోందో చూసింది. మర్నాడు ఏరు దాటి, మామిడితోపు నీడలోంచి వెడల్పాకు గడ్డి గంపెడు తెచ్చి నాటింది.

"ఏమ్మా, ఆవులు కూడా వాసన చూసి వదిలేసే గడ్డిని రాజమాత పాదాల కింద పరుస్తావా?" అన్నాడు భీమలింగం, పదిమందికీ వినపడేలా.

"ఎండ లేకుండా బతకడం దీనికి తెలుసు పెద్దయ్యా. మీ గరికకు తెలియదు," అంది గవరమ్మ తలెత్తకుండానే.

ఆ మాట అతనికి ముల్లులా దిగింది.

నెల తిరిగేసరికి గరిక సన్నగా సాగి పాలిపోయింది. దాహమేమోనని రెండుపూటలా నీళ్ళు పెట్టించాడు. ఎండ లేని నేల ఆరదు కదా, పాచి పట్టింది. ఒత్తుగా వస్తుందని నేలబారున కోయించాడు. ముంగిట గరికను అలా కోస్తే రెట్టింపు వచ్చేది. ఇక్కడ నేల బోడిదైపోయింది.

పని చేస్తున్నంతసేపూ అతని చూపు పక్క సగం మీదే. గవరమ్మ నేలలో వేలు గుచ్చి చూసి, తడి లేకపోతేనే నీళ్ళు పెట్టేది. రాలిన ఆకులు ఏరోజుకారోజు ఊడ్చేది. గడ్డిని నాలుగు వేళ్ళ ఎత్తు ఉంచి పైపైనే కోసేది. అన్నీ కళ్ళారా చూశాడు. ఒక్కటీ నేర్చుకోలేదు. అవన్నీ తనను వెక్కిరించడానికే చేస్తోందనుకున్నాడు.

దసరా ఇంకో పదిరోజులుందనగా, గవరమ్మ అన్నానికి వెళ్ళిన వేళ చూసి, ఆమె గడ్డి గంపెడు పెళ్ళగించి, పైన తువ్వాలు కప్పి ఇంటికి పట్టుకుపోయాడు. ఎండ దండిగా పడే తన వాకిట్లో నాటాడు. తన చేతిలో ఇది ఇంకా బాగా వస్తుందని ఊరందరికీ చూపించాలని ఉబలాటం. మూడోరోజుకు ఆకులు మాడి చుట్టుకుపోయాయి.

అది చూసి భీమలింగం ఏడవలేదు. గవరమ్మ ఏదో మంత్రం వేసిందనడానికి సాకు దొరికిందని సంతోషించాడు. ఆ రాజ్యంలో చేతబడి చేసినవాళ్ళను పొలిమేర దాటిస్తారు.

దసరా వచ్చింది. పరివారమంతా చూస్తుండగా రాజమాత వట్టికాళ్ళతో పెరట్లో దిగింది. భీమలింగం సగంలో బురద అంటుకుంది. గవరమ్మ సగంలో ఆ చివరిదాకా నడిచి, తిరిగివచ్చి, మళ్ళీ నడిచింది.

భీమలింగం ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"తల్లీ, ఇది మంత్రపు గడ్డి. ఈమె చేతికింద ఉంటేనే పచ్చగా ఉంటుంది. పెళ్ళగించి ఇంకోచోట పెడితే మూడు రోజుల్లో చస్తుంది."

"నీకెలా తెలుసు?" అంది రాజమాత.

"మా వాకిట్లో నాటి చూశాను కదా తల్లీ..." అని, అక్కడే ఆగిపోయాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

గవరమ్మ మెల్లగా అంది. "గడ్డిది తప్పు లేదమ్మా, ఎండలో పెట్టారు. పెద్దయ్య అడిగి ఉంటే నేనే గంపెడిచ్చి, చోటు చూసి నాటి వచ్చేదాన్ని."

తలపాగా గవరమ్మకు చుట్టారు. ముంగిట గరిక పని మాత్రం భీమలింగానికే ఉంచింది రాజమాత. అతని గరిక మంచిదేనని, పెట్టిన చోటే మంచిది కాదని చెప్పింది. అతను బోసితలతో వీధి వెంట నడిచి ఇంటికి పోయాడు. ఆ రోజు ప్రతి అడుగూ నేలమీదే పడింది.

పక్కవాళ్ళ పచ్చదనం చూసి కుళ్ళుకునేవాడికి తన నేల ఏమడుగుతోందో ఎన్నటికీ తెలియదు.