గడప దాటని జాడీ

వెలిచర్ల దొరకు ఏం తిన్నా గుండెల్లో మంట, కడుపుబ్బరం. "ఆకలయ్యాకే తినండి, రోజూ కాస్త నడవండి" అని వైద్యుడు మొత్తుకున్నా, ఆయన గంట కొట్టగానే భోజనానికి కూర్చునేవాడు, పల్లకీ దిగేవాడు కాదు. ఏ ముద్దా రుచించక, పోయిన తల్లి నూరిన చింతకాయ పచ్చడి కోసం బెంగపడేవాడు.

ఆ పచ్చడి జాడీ పాత దాసి నూకాలు ఇంట్లో ఉందని తెలిసి, పంపమని కబురు పెట్టాడు.

"జాడీ గడప దాటితే పచ్చడి బూజు పడుతుంది. తమరే రావాలి దొరా" అని నూకాలు తిరుగు కబురు పంపింది.

ఆమె ఇల్లు పొలాల అవతల. గట్టు మీద పల్లకీ పట్టదు. దొర తిట్టుకుంటూనే నడిచాడు. ఆయన చేరేసరికి నూకాలు అప్పుడే ఎసరు పెట్టింది. అన్నం ఉడికేలోగా ఆయన కడుపు నకనకలాడింది. అల్లం వేసిన పల్చటి మజ్జిగతో అన్నం పెడితే ఆబగా తిని, "ఎన్నాళ్ళకే! అమ్మ కలిపిన ముద్దలా ఉంది. ఇక పచ్చడి వెయ్యి" అన్నాడు.

నూకాలు మూత తీసింది. జాడీ ఖాళీ.

"నన్నే మోసం చేస్తావా?"

"అమ్మగారూ ఇలాగే చేసేవారు దొరా. పొలమంతా తిప్పి, ఆకలని మీరు ఏడిస్తేగానీ కంచం పెట్టేవారు కాదు."

దొర జాడీలోకి వంగి వాసన చూశాడు. చాలాసేపు తలెత్తలేదు.

"రేపూ వస్తాను" అన్నాడు చివరికి. "జాడీ మాత్రం నింపకు."