దీపగుత్తి పూలకు కన్నాలు

చుక్కలదీవి అడవిలో ఆ ఏడాది దీపగుత్తి పొదలు ఒక్క కాయ కూడా కాయలేదు. ఆ పొద ఆ దీవిలో తప్ప మరెక్కడా మొలవదు. అక్కడి తేనెపిట్టలు, తుమ్మెదలు దాని తేనె తాగి బతుకుతాయి. గువ్వలు దాని కాయలు తిని గింజలు జారవిడుస్తాయి.

దీపగుత్తి పువ్వు సన్నటి గొట్టంలా ఉంటుంది. తేనె అడుగున ఉంటుంది. పువ్వు నోట్లో తల దూర్చి తాగితే నుదుటికి పుప్పొడి అంటుకుంటుంది. అది మరో పువ్వుకు చేరితేనే కాయ. అలాగే తాగాలన్నది ఆ అడవి కట్టుబాటు.

గండుతుమ్మెదకు అంత ఓపిక లేదు. పువ్వు అడుగున పక్కనుంచి కన్నం కొరికి తేనె జుర్రుకునేవాడు.

"ఏం వదినా, పొద్దున్నే మొహానికి పసుపు పూసుకుని ఏ పేరంటానికి?" అని తేనెపిట్టను ఎగతాళి చేశాడు. "గోడకు కన్నముండగా గుమ్మం దాకా తిరగడం దేనికి?"

తేనెపిట్ట గూట్లో ఇద్దరు పిల్లలు ఆకలికి అరుస్తున్నారు. ఆమె కూడా కన్నంలోంచే తాగింది. పని తొందరగా తెమిలింది. చూసినవాళ్ళందరూ అదే దారి పట్టారు.

పూలు వట్టిగా రాలిపోయాయి.

ముసలి గువ్వ వచ్చి తేనెపిట్ట పక్కన వాలింది. "గింజ లేదమ్మా. ఈ పొదలు పోతే నీ పిల్లలు ఏ పువ్వు మీద వాలతారు?"

"నేనొక్కదాన్ని మానితే ఏమవుతుంది పెద్దమ్మా?"

"ఏమో. మానితే కదా తెలిసేది."

"పిల్లలకు రెక్కలొచ్చాక మానేస్తానులే."

అంతలోనే తుపాను వచ్చింది. సగం పొదలు వేళ్ళతో సహా కొట్టుకుపోయాయి. వాటి చోట మొలవడానికి ఒక్క గింజా లేదు. తేనె దొరక్క తేనెపిట్ట గూట్లో చిన్నపిల్ల చనిపోయింది.

"ఇది కాకపోతే ఇంకో దీవి!" అని గండుతుమ్మెద సముద్రం మీదికి ఎగిరాడు. ఎటు చూసినా నీళ్ళే. రెక్కలు అలిసి అలల్లో పడిపోయాడు.

మిగిలిన పొదలు మళ్ళీ పూశాయి. పూలు కొన్నే. మిగతావాళ్ళందరూ కన్నాలకు ఎగబడ్డారు. బతికిన పిల్ల ఏడుస్తూనే ఉంది. తేనెపిట్ట ఆ ఏడుపు వింటూనే ఒక్కొక్క పువ్వు నోట్లో తల దూర్చింది. ఆమె వాలిన పొదలే కాశాయి. గువ్వలు ఆ కాయలు తిన్నాయి. వానలకు కొండవాలున కొత్త మొక్కలు లేచాయి. వాటి నీడలోనే ఆమె పిల్ల గూడు కట్టుకుంది.

ఎంత ఆకలేసినా కన్నంలో ముక్కు పెట్టకూడదని తేనెపిట్ట చిన్నపిల్ల పోయిన నాడే నిశ్చయించుకుంది. బతికినన్నాళ్ళూ పెట్టలేదు.

నీతి: ఇచ్చి పుచ్చుకోవలసిన చోట దోచుకునేవాడు తన రేపటినే దోచుకుంటాడు.