రెల్లుగడ్డ దోనెల పందెం

ఇలా నా పక్కకి జరుగు చిట్టీ, దుప్పటి కప్పుతాను. అనగనగనగా, కాలవ ఒడ్డున రెల్లుగడ్డ అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక పిల్ల. తెడ్డు పట్టిందంటే దోనె చేపలా దూసుకుపోయేది.

ఏటా వానలు తగ్గాక అక్కడ దోనెల పందెం జరిగేది. ఈసారి గెలుపు నాదే అని నూకరత్నం పంతం పట్టింది. రోజూ కాలవలో దిగేది. దోనె తిరగబడితే నీళ్ళు మింగేది, ఉమ్మేసి మళ్ళీ ఎక్కేది. పక్క పట్నం మురుగంతా ఆ కాలవలోనే కలుస్తోందని అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు.

మొదట ఒళ్ళంతా దురద పెట్టింది. కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ దిగింది. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు. మజ్జిగన్నం తిని, కాస్త తేరుకుని మళ్ళీ దిగింది. అప్పుడొచ్చింది జ్వరం! పిక్కలు పీకేసి నిలబడలేకపోయింది. కళ్ళు పచ్చబడ్డాయి. వాళ్ళమ్మ సింహాచలం ఏడుస్తూ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ కాళ్ళు చూసింది. మడమ మీద గాయం ఉంది. "మురుగు నీళ్ళలో దిగావా అమ్మా?" అని అడిగింది. నూకరత్నం తలూపింది.

"ఇది ఎలుక జ్వరం. ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్ళు ఈ గాయానికి తగిలి, రోగం ఒంట్లోకి పాకింది. ఇంకా ఆలస్యం చేసుంటే కిడ్నీలు పాడైపోయేవి," అంది డాక్టరమ్మ.

మందులు పడ్డాక జ్వరం దిగింది. ఆ తర్వాత నూకరత్నం పందెం పిల్లల ఇళ్ళన్నీ తిరిగింది. ఒకరికి చెవిలో చీము, ఒకరికి కడుపునొప్పి, ఇంకొకరికి కాళ్ళ నిండా పుళ్ళు. అప్పుడు తన పంతం మారింది.

పందెం జరిపించేది వాళ్ళ మావయ్య అప్పలస్వామి. "మురుగు కలవని చోటికి, ఎగువకి మార్చు మావయ్యా," అని అడిగింది.

"తాతల నాటి నుంచీ ఇక్కడే. ఒక్క జ్వరానికే జడుస్తావా?" అని కసిరాడు మావయ్య.

పందెం రోజు డప్పులు మోగాయి. నూకరత్నం వణికే కాళ్ళతోనే వచ్చి, దోనెలు దించే చోట అడ్డంగా కూర్చుంది.

"లేవే రత్నం, జనం చూస్తున్నారు!"

"చూడనీ. నువ్వో దోసెడు నీళ్ళు తాగు మావయ్యా. తాగితే లేచి దారిస్తాను."

అప్పలస్వామి రోషంగా వంగి దోసిలి ముంచాడు. మూతి దాకా తెచ్చాడు. కంపు గుప్పుమంది. వెనకాల తన కూతురు మంగతాయి తెడ్డు పట్టుకుని, దిగడానికి సిద్ధంగా ఉంది. ఆ పిల్లని చూశాడు. దోసిలి వదిలేశాడు.

"దోనెలు భుజాలకెత్తండర్రా!" అన్నాడు.

అందరూ ఎగువకి మోసుకెళ్ళారు. పందెం అక్కడ జరిగింది. నూకరత్నానికి తెడ్డు పట్టే ఓపిక లేదు. గట్టు మీంచే గొంతు పోయేలా అరిచింది. మంగతాయి గెలిచింది.

ఏడ్చిందా అంటావా? ఏడ్చింది తల్లీ. ఏడ్చి, మొహం కడుక్కుని, మర్నాడే అందర్నీ మునిసిపాలిటీ ఆఫీసుకి బయల్దేరదీసింది. రేపు రమ్మన్నారు, వెళ్ళారు. పై వారం రమ్మన్నారు, వెళ్ళారు. పై నెల రమ్మన్నారు, అప్పుడూ వెళ్ళారు. మురుగు ఆ కాలవలో పడకుండా వేరే దారి తవ్వేదాకా ఆ పిల్ల వాళ్ళని వదల్లేదు.

దోనె చేరె గట్టుకి,
కునుకు చేరె చిట్టికి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి.