చిలకలకు ఇళ్ళు గీసిన చిన్నరాజు

రండర్రా, దగ్గరికి రండి. ఇంకా ఎండ తగ్గలేదు, ఆ వాకిట్లో నిలబడకుండా ఇలా పంచలోకి వచ్చి కూచోండి. పలకలు పక్కన పెట్టండి. ఒరేయ్, దాని జడ వదిలెయ్. ఆ, ఇక చెవులిటు పెట్టండి.

మన తాతల తాతలు కూడా పుట్టకముందు, కేతువరం అనే రాజ్యాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రత్నకేతు. వాడికి ఏం చేసినా ఘనంగా చెయ్యాలి. నడిమివాడు మణికేతు. వాడికి ఏం చేసినా చప్పున చెయ్యాలి. చిన్నవాడు సుకేతు. వాడు మాత్రం ఏం చెయ్యబోయినా ముందు పదిమందినీ అడుగుతాడు. "వీడికి దేవుడు నోరిచ్చాడు గానీ చేతులివ్వలేదు" అని అన్నలు నవ్వేవాళ్ళు.

ఏడు సముద్రాల అవతల హంసపురి అని ఒక నగరం. దాన్ని ఏలేది కువలయ అనే రాజకుమారి. మసికంఠుడనే మాంత్రికుడు ఆమెను పెళ్ళాడతానన్నాడు. ఆమె పొమ్మంది. వాడి దగ్గర ఆ నగరం పటం ఒకటుంది, పెద్ద తెల్లగుడ్డ మీద గీసింది. కోపంతో తడిగుడ్డ తీసుకుని ఆ పటం మీద ఇళ్ళన్నీ తుడిచేశాడు. పటం మీద ఇల్లు చెరిగితే నేల మీద ఇల్లు మాయం! ఉత్త వీధులు మిగిలాయి. ఇళ్ళు పోయిన జనమంతా చిలకలైపోయి వీధుల మీద ఎగురుతున్నారు. కువలయ కూడా చిలకే అయిపోయింది.

"పొద్దు గుంకేలోగా ఈ పటంలో ఖాళీలన్నీ నింపినవాడికి నగరం వదిలేస్తాను. ఒక్క ఖాళీ మిగిలినా వాడూ చిలకే" అని మాంత్రికుడు చాటింపు వేయించాడు.

ముందు రత్నకేతు వెళ్ళాడు. పటం నిండా మేడలు గీశాడు. నేల మీద పాలరాతి మేడలు లేచాయి. చిలకలు పిట్టగోడల మీద వాలాయి గానీ ఒక్కటీ లోపలికి వెళ్ళలేదు. పొద్దు గుంకింది. "మనిషి లేని ఇల్లు ఖాళీ కాదట్రా?" అన్నాడు మాంత్రికుడు. రత్నకేతు చిలకైపోయాడు. మేడలన్నీ తడిగుడ్డకి చెరిగిపోయాయి.

తర్వాత మణికేతు వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా వరసలు వరసలుగా, అన్నీ ఒక్క తీరు ఇళ్ళు దట్టించేశాడు. చిలకలు తమ ఇల్లేదో తెలియక తిరిగి తిరిగి అలిసిపోయాయి. వాడూ చిలకైపోయాడు.

ఇక మిగిలింది సుకేతు. తండ్రి వద్దన్నా ఆగలేదు. "అన్నలు లేని ఇంట్లో నాకు ముద్ద దిగదు నాన్నగారూ" అన్నాడు.

సముద్రపు ఒడ్డున ముసలి తాబేలు కనిపిస్తే, "తాతా, హంసపురికి దారెటు?" అని అడిగాడు. "ఇన్నేళ్ళలో నన్ను దారడిగినవాడివి నువ్వే. ఎక్కు" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. నాలుగో సముద్రంలో ఒక చెక్కముక్క మీద ఉడత వణుకుతూ కొట్టుకుపోతోంది. సుకేతు దాన్ని ఎత్తి భుజం మీద కూచోబెట్టుకున్నాడు. అది తన తోకలోంచి నాలుగు వెంట్రుకలు పీకిచ్చింది. "కుంచె కట్టుకో రాజా. ఇంతకంటే సన్నగా గీసేది లోకంలో లేదు."

ఏడో సముద్రం దాటి వెళ్ళి చూస్తే ఏముంది! తాటిచెట్టంత మాంత్రికుడు. వాడి ముందు చాప వేసినట్టు తెల్లటి పటం. పైన ఆకాశం పచ్చబడేన్ని చిలకలు.

"ఏరా, మీ ఇంట్లో ఇంకా మిగిలారా?" అన్నాడు మాంత్రికుడు. "నేనే ఆఖరు" అన్నాడు సుకేతు.

మర్నాడు సూర్యుడు లేచాడు. సుకేతు కుంచె రంగులో ముంచలేదు. చిలకల వైపు తలెత్తి, "అమ్మా, అయ్యా, ఒక్కొక్కరే రండి. నేనడిగేవి మూడే. మీ గుమ్మం ఎటు? మీ పనేమిటి? మీ పక్కింట్లో ఎవరు?" అన్నాడు.

ముందు ముసలి చిలక ఒకటి వాలింది. "నా గుమ్మం తూర్పుకి నాయనా. కుండలు చేస్తాను. పక్కింట్లో గానుగ నాగన్న. నా ఆవం పొగ వాడింటికి పోకూడదు, పోతే తిట్టిపోస్తాడు."

"తిట్టక ముద్దు పెట్టుకోనా? నా నూనెలో మసి పడితే ఎవడు కొంటాడు?" అని ఇంకో చిలక వెనక నుంచి అరిచింది.

సుకేతు నవ్వుకుని, కుండలు కాల్చే ఆవాన్ని, గాలి నాగన్న ఇంటి వైపు కాక అవతలికి మళ్ళేచోట గీశాడు. గీతకి గీత కలిసిందో లేదో, నేల ఊపిరి తీసినట్టు పొంగింది. దాంట్లోంచి గోడ లేచింది. గోడ మీద కప్పు లేచింది. తడిమట్టి వాసన గుప్పుమంది. చిలక గుమ్మం దాటింది. మరుక్షణం గడ్డం తుడుచుకుంటూ ఒక తాత బయటికొచ్చి, తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. సుకేతు కుంచె పట్టుకుని ఆ తాత వంకే చూస్తూ కూచున్నాడు.

"చూస్తూ కూచుంటే పొద్దు ఆగదు రాజా!" అని ఉడత చెవి కొరికింది.

నాగన్న ఇల్లు లేచింది. వడ్రంగి ఇల్లు లేచింది. మంత్రసాని ఇల్లు లేచింది, ఎవరెప్పుడు పిలిచినా వినపడేలా నాలుగు వీధులు కలిసేచోట. మధ్యాహ్నానికి నేతగాళ్ళ చిలకలు ముప్ఫై కలిసి వాలాయి.

"మాకు ఇళ్ళొక్కటే చాలవు బాబూ. ఇళ్ళ ముందు పొడుగాటి చోటు వదలండి. మగ్గానికెక్కించే నూలు అక్కడ బారుగా సాచుకోవాలి. పెద్దబాబు ఆ చోట మేడ కట్టాడు. రెండో బాబు ఇళ్ళు కుక్కాడు. పని సాగని ఇంట్లో మేమేం చెయ్యం?"

"వదలకు రాజా! ఖాళీ వదిలితే చిలకవైపోతావు. పచ్చరంగు నీకు నప్పదు" అంది ఉడత.

సుకేతు ఆ చోటు వంక చూశాడు, ఆ ముప్ఫై చిలకల వంక చూశాడు. కుంచె ఎత్తి, అటూ ఇటూ ఇళ్ళు గీసి, నడుమ తెల్లగా వదిలేశాడు.

ఆ తర్వాత నీలికళ్ళ చిలక వచ్చింది. "నా గుమ్మం ఉత్తరానికి. ఊరి మంచిచెడ్డలు చూడడం నా పని. గోడకవతల కంచరి వీరమ్మ ఉంటుంది. ఆమె సుత్తి చప్పుడుకే రోజూ లేస్తాను. కోటగోడ మరీ ఎత్తుగా గీయకండి." సుకేతు కోట గీశాడు. లోపలి నుంచి కువలయ నడిచొచ్చింది. ఆమెకేసి చూసి సుకేతు కుంచె ముంచడం కూడా మరిచిపోయాడు.

ఇంకా మూడు చిలకలు మిగిలాయి. సుకేతు కోట పక్కన బాటసారులకు సత్రం గీయడం మొదలుపెట్టాడు.

"మీ పక్కనెవరు?" అనడిగాడు. మొదటిది, "పక్కగదిలో మా తమ్ముడు. గురకపెట్టి చంపుతాడు" అంది. రెండోది, "గురక ఈయనదే!" అంది. సుకేతు కళ్ళనిండా నీళ్ళతో రెండు గదులు గీశాడు. అన్నలిద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ బయటికొచ్చారు.

మూడో చిలక మాత్రం మాట్లాడలేదు. దానికి పక్కనెవరూ లేరు.

సూర్యుడు కొండ అంచు తాకాడు. మాంత్రికుడు పటం మీదికి వంగాడు. "దొరికావురా! ఇదిగో, నేతగాళ్ళ వీధిలో ఇంత ఖాళీ!"

"మనిషి లేని ఇల్లు ఖాళీ అన్నావట మా అన్నతో. మరి మనుషులున్న చోటు ఖాళీ ఎలా అవుతుంది? పటం కాదు, వీధి చూడు" అన్నాడు సుకేతు.

చూశాడు. నేతగాళ్ళు ఇంటింటి నుంచి వచ్చి ఎర్రనూలు ఈ కొస నుంచి ఆ కొసకు సాచారు. వెయ్యి పోగుల మీద సాయంత్రపు ఎండ పడి వీధంతా నిప్పుల ఏరైపోయింది. ఊరు ఊరంతా గుమ్మాల్లోకొచ్చి చూస్తూ నిలబడిపోయింది.

మాంత్రికుడి మొహం నల్లబడింది. "సరే, సరే. ఆ మిగిలినదానికి కూడా ఒక గది గీయి. అది అలా బయట ఉండకూడదు. త్వరగా!"

సుకేతు కుంచె కింద పెట్టాడు. "ఇన్ని చిలకలు ఇళ్ళు లేక తిరిగితే నవ్వావు. దీని మీద అంత జాలేమిటి? ఓహో, ఊరి చిలకల మధ్య దాచిన నీ ప్రాణం ఇదేనా!"

మాంత్రికుడు చిలకను పట్టుకోబోయాడు. అది బెదిరి ఎగిరింది. వాలదామంటే ఏ చూరు కిందా దానిది అన్న చోటు లేదు, రమ్మని పిలిచే గొంతు లేదు. సముద్రం మీదికి పోయింది. తన ప్రాణం ఎగిరిపోయిన వైపే వాడూ పరిగెత్తాడు. ఇప్పటికీ పరిగెడుతూనే ఉన్నాడట.

కేతువరం నుంచి రాజుగారు ఓడల మీద తరలివచ్చారు. సుకేతుకీ కువలయకీ పదహారు రోజుల పెళ్ళి చేశారు. అన్నలిద్దరూ వడ్డన చేశారు. సుకేతు తల నెరిసేదాకా, ఆ తర్వాత కూడా, ఇద్దరూ కలిసి హంసపురిని ఏలారు. సాయంత్రమైతే ప్రతి గుమ్మంలోనూ ఒక దీపం. దూరాన సముద్రం మీద పోయే ఓడలవాళ్ళు ఆ వెలుగు చూసి, తెడ్లు ఎత్తి పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయేవారట.

అదిగో, మన ఊళ్ళోనూ పొయ్యిల పొగ లేస్తోంది. లేవండి, పలకలు మరిచిపోకండి. చిన్నవాళ్ళను పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. కాళ్ళు కడుక్కుని వేడివేడిగా అన్నం తినండి.